మ్యాన్‌హోల్‌లోకి దిగిన లెక్కల మాస్టారు

నెట్‌వర్క్ ఇంజినీరు ఇంటర్వ్యూకి వెళ్లినా, కాల్ సెంటర్‌లో ఏ షిఫ్టుకి ఎంతమంది కావాలో ప్లాన్ చేసే ఉద్యోగానికి వెళ్లినా ‘ఎర్లాంగ్’ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. చాలామందికి అదొక ఫార్ములా. కొందరికి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. అసలైతే అదొక బడిపంతులు గారి పేరు.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో పుట్టారు. నాన్న ఆ ఊరి బడిలో టీచరు. సాయంత్రాలు అన్న ఫ్రెడరిక్ పుస్తకం చదువుతుంటే, బల్లకు అవతల కూర్చుని తలకిందులుగా ఉన్న అదే పేజీని అగ్నర్ చదివేసేవాడట. 14 ఏళ్లకే పెద్ద పరీక్ష రాశాడు. వయసు చాలకపోతే ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లు నాన్న బడిలోనే పాఠాలు చెప్పి, తర్వాత స్కాలర్‌షిప్‌తో కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో చేరి 1901లో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఆ పైన ఏడేళ్ల దాకా స్కూలు మాస్టారుగానే ఉండిపోయారు.

మలుపు గణిత సంఘం సమావేశాల్లో వచ్చింది. అక్కడ పరిచయమైన జెన్సన్ (ఆయన పేరు మీద ఉన్న అసమానతను మ్యాథ్స్ విద్యార్థులు చదివే ఉంటారు) కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చీఫ్ ఇంజినీరు. ఆయన ద్వారా 1908లో ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరారు. ప్రయోగశాల అన్నారు గానీ, మొదట్లో సహాయకులే లేరు. కేబుళ్లలో విద్యుత్ కొలతలు తీసుకోవడానికి ఆయనే స్వయంగా వీధుల్లోకి వెళ్లేవారు. నిచ్చెన మోస్తూ వెనకాల ఒక కూలీ. మ్యాన్‌హోల్ మూత తీసి, నిచ్చెన వేసి, లోపలికి దిగేది మాత్రం లెక్కల మాస్టారే!

కంపెనీకి ఉన్న అసలు చిక్కు వేరు. లైన్లు తక్కువ వేస్తే జనానికి ఫోను కలవదు. ఎక్కువ వేస్తే డబ్బు నేలపాలు. ఎన్ని వేయాలి?

మనమే ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఊరి నుంచి పట్నానికి రద్దీ గంటలో 100 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మొత్తం 300 నిమిషాలు. అంటే ఏ క్షణం చూసినా సగటున 5 కాల్స్. అయితే 5 లైన్లు సరిపోతాయిగా అనిపిస్తుంది. సరిపోవు. జనం క్యూ పద్ధతిలో ఫోన్లు చేయరు, ఒక్కోసారి పదిమందీ ఒకేసారి చేస్తారు. ఎర్లాంగ్ సూత్రంలో వేస్తే 100లో దాదాపు 28 కాల్స్ కలవవు. ఒకటికి మించి పోకూడదంటే 11 లైన్లు కావాలి. తమాషా ఏమిటంటే, అదే రద్దీ పదింతలై 1000 కాల్స్ వస్తే 110 అక్కర్లేదు, 64 చాలు. రద్దీ పెరిగేకొద్దీ ఎత్తుపల్లాలు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి.

కాల్స్ రాకను సంభావ్యతతో వివరించిన ఆయన మొదటి వ్యాసం 1909లో వచ్చింది. పైన మనం వాడిన సూత్రం 1917 నాటిది. కొద్దికాలంలోనే బ్రిటిష్ పోస్టాఫీసు సహా చాలా దేశాల టెలిఫోన్ సంస్థలు దాన్ని వాడటం మొదలుపెట్టాయి.

ఇప్పటి ఇంటర్నెట్‌లో లైను ఎవరికీ విడిగా కేటాయించరు. ప్యాకెట్లు రూటర్ల దగ్గర క్యూ కడతాయి, అదీ గుంపులు గుంపులుగా వచ్చిపడతాయి. కాబట్టి ఆయన సూత్రాన్ని ఉన్నదున్నట్టు పెట్టేస్తే లెక్క తప్పుతుంది. ఇంటర్వ్యూల్లో ఇక్కడే చాలామంది బోల్తా పడే అవకాశం ఉంది. పని జరిగే వరస మాత్రం అదే. పింగ్, ట్రేస్‌రూట్ లాంటి వాటితో దారి పొడవునా ఆలస్యం ఎంత, ప్యాకెట్లు ఎన్ని పోతున్నాయి అని కొలుస్తారు. రోజంతటి సగటు కాదు, రాత్రి అందరూ వీడియోలు చూసే గంటలో ఎలా ఉందో చూస్తారు. వాయిస్ కాల్ తెగకుండా ఉండాలంటే ఎంత నష్టాన్ని భరించొచ్చో ముందే నిర్ణయించుకుని, దాన్నిబట్టి సామర్థ్యం పెంచుతారు. కాల్ సెంటర్లలో అయితే, క్యూలో నిరీక్షణకు ఆయనే ఇచ్చిన ఇంకో సూత్రం, ‘ఎర్లాంగ్ సి’, నేటికీ నేరుగా పనిచేస్తోంది.

ఎర్లాంగ్ పెళ్లి చేసుకోలేదు. ఇంటినిండా పుస్తకాలే. సాయమడిగి వచ్చిన పేదలను వట్టి చేతులతో పంపేవారు కాదంటారు. దాదాపు ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో జబ్బు చేసిందని సెలవు పెట్టింది లేదు. 1929 జనవరిలో మొదటిసారి ఆసుపత్రిలో చేరారు, కడుపుకి ఆపరేషన్. ఫిబ్రవరి 3న కన్నుమూశారు. అప్పటికి 51 ఏళ్లు.

1946లో అంతర్జాతీయ టెలిఫోన్ సంఘం రద్దీని కొలిచే యూనిట్‌కి ఆయన పేరు పెట్టింది. మన ఉదాహరణలోని ఊరి రద్దీ 5 ఎర్లాంగ్‌లు. 1980ల్లో ఎరిక్‌సన్ కంపెనీ ఇంజినీర్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారుచేసిన ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కీ అదే పేరు. వాట్సాప్ సర్వర్లు నడిచేది ఆ లాంగ్వేజ్‌లోనే.