కావేరీ తీరాన కాకర్లవారి త్యాగయ్య

ఉగాదినాడు వేపపూత పచ్చడి నోట వేసుకొని, పంచాంగ శ్రవణం చేసి, రాబోయే యేడాదికి ఆదాయవ్యయాలు ఎట్లున్నవో చూచుకోవడం మన ఆచారం. తరతరాలుగా పొరుగు రాష్ట్రాలలో కాపురముంటున్న మనవంటివారు ఈనాడు చూచుకోవలసిన లెక్క మరొకటి ఉన్నది. ఊరు విడిచి వచ్చిన మన పూర్వులు మూటగట్టుకొని తెచ్చిన దానిలో మనం నిలుపుకొన్నదెంత, జారవిడిచినదెంత? ఈ లెక్క సరిచూచుకొనేటందుకు మనవలెనే ప్రవాసాంధ్ర కుటుంబంలో పుట్టి, తమిళ దేశంలోనే పెరిగి, అక్కడే సిద్ధిపొందిన శ్రీ త్యాగరాజస్వామివారి జీవితానికి మించిన గీటురాయి మనకు దొరకదు.

స్వామివారి యింటిపేరు కాకర్ల. కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం వారి పూర్వుల ఊరు. ములకనాటి బ్రాహ్మణులైన ఆ కుటుంబంవారు ఏనాడో దక్షిణానికి తరలి చోళదేశంలో స్థిరపడ్డారు. తంజావూరు అప్పటికే తెలుగుకు పరాయి చోటు కాదు. తెలుగువారైన నాయకరాజులు అక్కడ ఏలుబడి చేసి, తెలుగు కవులను, గాయకులను, భాగవతులను పోషించారు. వారి తరువాత వచ్చిన మరాఠా ప్రభువుల మాతృభాష వేరైనా, కొలువులో తెలుగు సాహిత్యానికి, సంగీతానికి ఆదరణ తగ్గలేదు. ఆ కొలువులో యక్షగానాలు రచించిన గిరిరాజకవి త్యాగరాజస్వామికి తాతగారని పెద్దలు చెప్పుతారు.

1767వ సంవత్సరం మే 4వ తేదీన, సర్వజిత్తు నామ సంవత్సరంలో శుద్ధ సప్తమినాడు, తిరువారూరులో కాకర్ల రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు స్వామివారు జన్మించారు. తిరువారూరులో వెలసిన దేవుని పేరే బిడ్డకు పెట్టుకొన్నారు. కొంతకాలానికి ఆ కుటుంబం కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారు చేరింది. పంచనద క్షేత్రమని ప్రసిద్ధికెక్కిన ఆ ఊరే స్వామివారికి జీవితాంతం నివాసమైంది.

తండ్రి రామాయణం చదివి అర్థం చెప్పే పండితుడు. తల్లి పురందరదాసు పదాలు, భద్రాచల రామదాసు కీర్తనలు పాడుకొనే యిల్లాలు. బాలుడైన త్యాగయ్యకు తొలి గురుకులం ఆ యిల్లే. తెలుగు పల్లెల నడుమ పెరగని ఆ బాలునికి తెలుగు అబ్బినది తల్లి పాట వలన, తండ్రి పురాణం వలన, ఇంటిలోని నిత్యపూజ వలన. ఆ మాట మనం గుర్తుంచుకోవాలి. సంగీతాన్ని తంజావూరు ఆస్థాన విద్వాంసులైన శొంఠి వెంకటరమణయ్యగారివద్ద అభ్యసించారు. వీరూ తెలుగువారే. రామకృష్ణానందులనే యతి వలన రామమంత్రోపదేశం కలిగింది. తొంబదియారు కోట్ల రామనామ జపాన్ని స్వామివారు ఇరువదియొక్క సంవత్సరాలలో పూర్తిచేశారని సంప్రదాయం. అంటే రోజుకు లక్షకు పైగా నామాలు! ఆ సంఖ్యను విని ఆశ్చర్యపోవడం సులభమే. కాని రోజూ తెల్లవారగానే అదే ఆసనంపై కూర్చొని, మనస్సును అదే నామంపై నిలుపుతూ, అట్లు ఇరువదియేండ్లు గడపడంలోని కష్టమెంతటిదో ఒక్కనాడు ఒక్క గడియ ప్రయత్నించి చూచినవారికే తెలుస్తుంది.

స్వామివారు సన్న్యసించి అడవికి పోలేదు. గృహస్థుగానే ఉన్నారు. మొదటి భార్య పార్వతమ్మ గతించగా ఆమె చెల్లెలు కమలాంబను పరిణయమాడారు. సీతాలక్ష్మి అనే కుమార్తె కలిగింది. ఇంటినిండా శిష్యులు. వారికి చదువూ, పాటా, భోజనమూ ఆ యింటనే. శిష్యులవద్ద ప్రతిఫలం పుచ్చుకొనే ఆచారం లేదు. మరి సంసారం గడిచేదెట్లా? ఉంఛవృత్తి! తంబుర పట్టుకొని, రామనామం పాడుతూ, తిరువయ్యారు వీధులలో నడిచేవారు. గృహస్థులు వాకిళ్లలోకి వచ్చి పిడికెడు బియ్యం పోసేవారు. ఆనాటికి చాలినంత లభించిందంటే చాలు, రేపటి కొరకు కూడబెట్టుకోవడం లేదు. దీనిని యాచనగా తలచరాదు. ఆ వీధులలోని తమిళ యిల్లాండ్రు వేసిన బియ్యం స్వామివారి యింట రామనైవేద్యమై, శిష్యుల ఆకులలో ప్రసాదమయ్యేది. తెలుగు కీర్తన ఆ ఊరి తమిళుల చేతి అన్నంతో పెరిగిందని చెప్పుకోవడంలో మనకు చిన్నతనమేమీ లేదు, గౌరవమే ఉన్నది. ఈనాటికీ తిరువయ్యారులో ఆరాధనోత్సవ సమయాన ఉంఛవృత్తి భజన సాగుతూనే ఉన్నది.

ఈ వృత్తి దిక్కులేక పట్టినది కాదు. స్వామివారి గానమహిమ తంజావూరు ప్రభువు శరభోజీ చెవిని పడగా, ఆస్థానానికి రమ్మని కానుకలతో కబురు వచ్చిందని, స్వామివారు దానిని నిరాకరించారని లోకప్రసిద్ధమైన గాథ. ధనంలో ఉన్న సుఖమెంత, రాముని సన్నిధిలో ఉన్న సుఖమెంత అని తమ మనస్సునే ప్రశ్నించుకొని ఒక కీర్తన అల్లారంటారు. శరభోజీ సామాన్యుడు కాడు. సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంపొందించిన విద్యాప్రియుడు. అట్టి రసజ్ఞుని ఆదరణను కాదనడం మూర్ఖుని తిరస్కారం వంటిది కాదు. రాజు మంచివాడైనా కాకపోయినా, ఒకసారి నరస్తుతికి నోరు తెరిస్తే రామునికై మిగిలే గొంతు తనది కాదని స్వామివారు భావించారు. ఆ భావనలోనే ఉన్నది వారి నిర్మలత్వం.

ఈ నిరాకరణ యింటిలో చిచ్చు రేపింది. అన్నగారైన జపేశునికి ఇది బొత్తిగా నచ్చలేదు. గుమ్మంలోకి వచ్చిన సిరిని కాలదన్నిన తమ్మునిపై ఆయన ఆగ్రహించి, తమ్ముడు నిత్యం పూజించే రామవిగ్రహాలను కావేరిలో పారవేశారని చెప్పుతారు. స్వామివారు పిచ్చివానివలె నదీతీరమంతా వెదకి, కొన్నాళ్లకు ఇసుకలో విగ్రహాలను తిరిగి కనుగొన్నారట. ఈ కథలో అన్నగారిని దుర్మార్గునిగా చిత్రించి సంతోషించడం చాలామందికి అలవాటు. కాని సంసారం ఈదేవారందరికీ ఆ అన్నగారి బాధ కొంత తెలుసు. పిల్లలు, వంటయిల్లు, అప్పులు, వీటి నడుమ వచ్చిన భాగ్యాన్ని వద్దనే తమ్ముణ్ణి చూస్తే ఎవరికి కోపం రాదు? భక్తునికి అసలు పరీక్ష రాజసభలో జరగదు, సొంత యింటిలోనే జరుగుతుంది. స్వామివారు ఆ దుఃఖాన్నంతా రామునితోనే చెప్పుకొన్నారు. ఆ మొరలే కీర్తనలై నిలిచాయి.

స్వామివారి బోధ అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అది చిత్తశుద్ధి. మనస్సు అదుపులోకి వచ్చినవానికి వేరే మంత్రతంత్రాల అగత్యం లేదని వారి భావం. నదులలో మునిగినంతమాత్రాన, ఉపవాసాలు పట్టినంతమాత్రాన, కన్నులు మూసుకొని కూర్చున్నంతమాత్రాన భక్తుడు కాడని చెప్పుతూ, అట్టి పనులు పశుపక్ష్యాదులు కూడా చేస్తున్నవి గదా అని ఒక కీర్తనలో చమత్కరించారు. ఇట్లు చెప్పినవారు నియమాలు వదలినవారు కారు. నిత్యం కావేరీ స్నానం, పూజ, ఏకాదశి భజన వారి యింట తప్పేవి కావు. ఆచారం పాత్ర వంటిది, అందులో పోసేది భక్తి. ఒట్టి పాత్రను తోమి మెరిపించి దేవుని ముందుంచితే నైవేద్యమవుతుందా?

ఇంకొక విశేషం. ఇతరుల కపటాన్ని ఎత్తిచూపడం ఎవరికైనా సులువే. స్వామివారు తప్పులన్నిటినీ తమపైనే వేసుకొన్నారు. ఘనరాగ పంచరత్నాలుగా ప్రసిద్ధమైన అయిదు కృతులలో గౌళరాగ కృతి ఆసాంతం ఒక ఒప్పుకోలు. కామక్రోధాలకు లోబడినవాడను, ధనానికై అల్లాడినవాడను, తెలియనివారి ముందు తెలిసినట్లు నటించినవాడను అనే అర్థం వచ్చేటట్లు దోషాలన్నిటినీ వరుసగా తమకే ఆపాదించుకొని, ఇట్టి నన్ను ఏ రాజు కాపాడుతాడని వాపోయారు. రాజు కానుకలు కాదన్న మనిషి ధనాశాపరుడా? కాడు. కాని తనలో ఆ బీజం ఉండవచ్చునని అనుమానించుకొనేవాడే దానిని మొలకెత్తకుండా చూచుకొంటాడు. అయిదింటిలో చివరిదైన శ్రీరాగ కృతిలో మాత్రం లోకంలోని మహాత్ములందరికీ వందనం చేశారు. తన్ను తాను తగ్గించుకొని, పెద్దలనందరినీ తలపై పెట్టుకోవడం, ఈ రెండూ కలిసినచోట చిత్తం నిర్మలమవుతుంది.

పెద్దవయస్సులో స్వామివారు యాత్ర వెడలారు. కాంచీపురంలో ఉపనిషద్బ్రహ్మేంద్రులవారిని దర్శించి తిరుపతి చేరేసరికి శ్రీనివాసుని ముందు తెర వేసి ఉన్నదట. దర్శనం లభించక ఆర్తితో పాడగా తెర తొలగిందని ఐతిహ్యం. మహిమ మాట అట్లుంచి, ఆ కీర్తన భావాన్ని చూడండి. తీయవలసిన తెర గుడిలో లేదు, తన లోపలనే గర్వమూ మాత్సర్యమూ తెరగా నిలిచాయని స్వామివారు మొరపెట్టుకొన్నారు. తిరుగు ప్రయాణంలో చెన్నపట్టణం దగ్గరి కోవూరులో శివునిపైనా, తిరువొత్తియూరులో త్రిపురసుందరిపైనా, ఆ తరువాత లాల్గుడిలోనూ, శ్రీరంగంలోనూ అయిదేసి కృతులు రచించారు. రామునే నమ్మినవారైనా శివునివద్ద, అమ్మవారివద్ద మనస్సుకు సంకోచం కలగలేదు. నమ్మిక గట్టిదైనవానికి ఇతర దేవతలపై వైరం అక్కరలేదు.

1847వ సంవత్సరం జనవరి 6వ తేదీన, పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు స్వామివారు సిద్ధిపొందారు. దానికి కొద్దిగా ముందు సన్న్యాసం స్వీకరించారు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. దౌహిత్రుడు సంతానం లేకుండానే గతించడంతో వారి వంశం అంతటితో నిలిచిపోయింది. ఆస్తి లేదు, వంశం లేదు. మిగిలింది పాట ఒక్కటే. అదైనా ఎట్లు మిగిలిందో తెలుసుకోవలసిన విషయం.

స్వామివారు కృతులను గ్రంథస్థం చేసి పోలేదు. శిష్యులే వానిని వ్రాసుకొని, పాడి కాపాడారు. వారిలో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ముఖ్యులు. వీరు సౌరాష్ట్రులు. ఎన్నడో పడమటి దేశం నుండి తరలివచ్చి, తమ భాషను ఇండ్లలో నిలుపుకొంటూ తమిళ దేశంలో బ్రతుకుతున్న జాతివారు. గురువుగారి కృతులను ఆయనా, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారూ శ్రద్ధగా వ్రాసి భద్రపరచగా, ఆ ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు తమిళులు. మానాంబుచావడి వెంకటసుబ్బయ్యరు, వీణ కుప్పయ్యరుల శిష్యపరంపరలు కొన్ని కృతులను నిలిపాయి. ఈనాడు మనకు దక్కిన ఏడు వందల పైచిలుకు కృతులు వీరందరి చలువే. ఒక ప్రవాసాంధ్రుని పాటను తమిళులూ, మరొక ప్రవాసజాతివారూ కలిసి మోశారన్నమాట.

సమాధి సంగతి మరింత ఆర్ద్రమైనది. కాలక్రమేణ అది ఆదరణ లేక పాడుపడింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు దాని దుస్థితి తెలిసి తిరువయ్యారు చేరారు. మైసూరు సీమలో నంజనగూడులో 1878లో పుట్టిన ఆ విదుషీమణి, తన జీవితంలో గడించిన నగలూ ఆస్తీ వెచ్చించి, 1921లో పునాది వేయించి సమాధిపై ఆలయం నిర్మింపజేశారు. ఆనాటి ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేదు. ఆలయం కట్టించిన చేతులకే అక్కడ తంబుర పట్టుకొనే వీలు లేదన్నమాట! ఆమె తగవుకు దిగి వెళ్లిపోలేదు. స్త్రీలతో వేరుగా ఆరాధన జరిపించి, 1940 ప్రాంతంలో అందరూ కలిసి పాడే రోజు వచ్చేవరకూ నిలిచారు. 1952లో కాలధర్మం చెందగా, ఆమెను స్వామివారి సమాధి సమీపంలోనే సమాధి చేశారు. ఈనాటికీ ఆమె విగ్రహం స్వామివారికి ఎదురుగా నమస్కరిస్తూ ఉన్నది. లోకం తక్కువచూపు చూచిన కులంలో పుట్టిన స్త్రీ గురుభక్తిలో అందరికంటె ముందు నిలిచింది. చిత్తశుద్ధికి జన్మతో నిమిత్తం లేదనడానికి వేరే దృష్టాంతం కావలెనా?

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో వందలమంది గాయకులు ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడుతారు. నాట రాగంలోని మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పాడేవారిలో అనేకులకు తెలుగు మాతృభాష కాదు. మాటకు మాట అర్థం తెలియకపోయినా, ఒక్క అక్షరం జారకుండా భక్తితో నేర్చుకొని పాడుతారు. ఇక మన యిండ్ల సంగతి చూడండి. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ కూడా లిపి చదువలేని పిల్లలు మనలో ఎందరు? కీర్తన విని రాగం పేరు చెప్పగలిగి, అందులో స్వామివారు రాముణ్ణి ఏమని అడుగుతున్నారో చెప్పలేని యువకులు ఎందరు? పొరుగువారు మన మాటలను భక్తితో మోస్తున్నారు. అర్థం తెలిసిన మనం పెదవి విప్పకపోతే, కొన్నాళ్లకు ఆ మాటలు నాదంగా మాత్రమే మిగులుతాయి. స్వామివారు అడిగిన ప్రశ్నలు వినేవారు ఉండరు.

ఇందుకు గొప్ప సభలు, విరాళాలు అవసరం లేదు. సీతమ్మగారికి ఏ సంఘమూ తోడు రాలేదు. ఆమె బిడ్డ వినేటట్లు పాడింది, అంతే. మనం ప్రతి యింటా వారానికి ఒక్కరోజు దీపం పెట్టిన వేళ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, ఒక్క కీర్తన చెప్పి, దాని అర్థం మన మాటలలో విప్పి చెప్పితే చాలు. శ్రుతి కుదరకపోయినా దోషం లేదు. ఆ అర్థం ముందుగా మన మనస్సుకు తాకిందా లేదా అన్నదే చూచుకోవాలి. లోపలి తెర తొలగకుండా బయట ఎంత పాడినా అది కచేరీయే గాని భజన కాదు.

ఈ నూతన సంవత్సరాన మన యిండ్లలో ధాన్యానికి, ధనానికి లోటు లేకుండుగాక. దానితోపాటు, తిరువయ్యారు వీధులలో పిడికెడు బియ్యంతో తృప్తిపడిన ఆ మహానుభావుని నిర్మలచిత్తంలో పిసరంతైనా మనకూ, మన బిడ్డలకూ లభించుగాక అని ప్రార్థిస్తూ, పాఠక మహాశయులకు ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.