ఘంటసాల వారి బాల్యము, విద్యాభ్యాసము

కృష్ణామండలమున గుడివాడకు చేరువనున్న చౌటపల్లి గ్రామములో 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఘంటసాల వేంకటేశ్వరరావు జన్మించెను. తండ్రి సూరయ్యగారు మృదంగ మెరిగినవారు. నారాయణతీర్థుల తరంగములు పాడుచు ఊరూర భజనలు సాగించువారు. తల్లి రత్తమ్మగారు. తండ్రి తరంగము పాడుచుండగా బాలుడాయన భుజముపై నెక్కి నాట్యమాడెడివాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచిరి. ఆ ముచ్చట ఎంతోకాలము సాగలేదు. కుమారునకు పదునొకండవ యేడు నడుచుచుండగనే సూరయ్యగారు గతించిరి. బిడ్డడు సంగీత విద్వాంసుడు కావలెనన్నదే ఆయన కడపటి కోరిక యని చెప్పుదురు. కుటుంబభారము మేనమామపై బడినది.

గాత్రము పుట్టుకతో వచ్చినదే గాని శాస్త్రము రాలేదు. సభలలో విద్వాంసులతో పోటీకి దిగి, ఓడి, బాలుడు నవ్వులపాలయ్యెను. నేర్చుకొనవలెనన్న పట్టుదల అప్పుడు కలిగినది. గురువును వెదకుచు ఒకరి యింట బట్టలుతికెను. మరియొకరి యింట వంట చేసెను. చాకిరికి తగిన విద్య మాత్రము చేతికి రాలేదు.

ఆ దినములలో తెలుగునాట సంగీతమనగా విజయనగరమే. అచ్చటి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా వెలసినది. ఘంటసాల నాటికి ద్వారం వెంకటస్వామినాయుడుగా రధ్యక్షులు. బాలుడు ఎవ్వరికిని చెప్పక, వ్రేలి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. తీరా చూడగా వేసవి సెలవులు. కళాశాల తలుపులు మూసియున్నవి. అధ్యక్షులు దయదలచి ఆవరణలో నుండనిచ్చిరి. రోజున కొక యింట వారములు కుదిరినవి. ఇంతలో తోటి పిల్లలు చేసిన తప్పు ఇతని మీద బడగా కళాశాల నుండి వెడలగొట్టిరి. ఆ మాట విని వారములిచ్చు గృహస్థులును తమ యిండ్లకు రావలదనిరి. ఒక్క నింద చాలును, అన్నము పెట్టిన చేయియే తలుపు మూయుటకు. ఎల్లమ్మ గుడి యొక్కటే ఆ బాలునకు నీడ యైనది.

అచ్చటనే పట్రాయని సీతారామశాస్త్రిగా రతనిని చూచిరి. వారా కళాశాలలో గాత్రోపాధ్యాయులు. సాలూరు చినగురువుగారని ప్రసిద్ధులు. సంగతి యంతయు విని, ఉచితముగా విద్య చెప్పుట కొప్పుకొనిరి. అన్నము పెట్టుటకు మాత్రము వారికే జరుగుబాటు చాలదు. అప్పుడొక సాధువు జోలె కట్టి మాధుకరము నేర్పెను. తుమ్మెద పూవుపూవునను కొంచెము కొంచెముగా తేనె కూర్చుకొనునట్లు, ఇంటింట పిడికెడన్నము కూర్చుకొనుటకే ఆ పేరు. పూర్వము విద్యార్థులకది చిన్నతనము కాదు. అయినను ఎదిగివచ్చుచున్న పిల్లవానికి మొదటి గుమ్మ మెక్కుట సులభమై యుండదు. ఒకసారి తెచ్చినది రెండు పూటలకు సరిపెట్టుకొనవలెను. మిగిలిన అన్నము గుడ్డలో మూటగట్టి యుంచగా చీమలు పట్టెడివి. అది చూచి గురువుగారు తమ యింట వాడుకలో లేని డబ్బా నొకదానిని ఇచ్చిరి. ఘంటసాల కంఠమును పొగడువారు దైవదత్తమందురు. నిజమే కావచ్చును గాని, ఆ డబ్బాకును అందులో భాగమున్నది.

సెలవులు ముగిసిన పిదప కళాశాలలో చేరి, నాలుగేండ్ల చదువు రెండేండ్లలో ముగించెను. స్వగ్రామము చేరి పెండ్లిండ్లలో, ఉత్సవములలో కచేరులు చేయుచు, పాఠములు చెప్పుచు కాలము గడపెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని బళ్ళారి చెంతనున్న అలీపురము కారాగారమున నిర్బంధమనుభవించెను. 1944 మార్చి 4న సావిత్రమ్మగారిని వివాహమాడెను. తన పెండ్లిలో తానే కచేరి చేసెనట. అత్తవారి యూరు పెదపులివర్రు. సముద్రాల రాఘవాచార్యులుగారిదియు నదియే. వారీ కంఠము విని మద్రాసుకు రమ్మనిరి.

మద్రాసులో తొలినాళ్ళు విజయనగరము కంటె మెత్తనివి కావు. పానగల్ పార్కులో పండుకొనిన రాత్రులు గలవు. సీతారామ జననములో బృందముతో గొంతు కలిపి చిన్న వేషము వేసెను. స్వర్గసీమలో (1945) భానుమతిగారితో పాడినందుకు 116 రూపాయలు ముట్టెను. 1949లో మనదేశమునకు సంగీతము కూర్చెను. పాతాళభైరవి (1951), దేవదాసు (1953) వచ్చుసరికి ఆ గొంతు వినబడని తెలుగుపల్లె అరుదు.

అన్నిటి కంటె పద్యమునకాయన చేసిన మేలు పెద్దది. రంగస్థలమున పద్యమును రాగముతో సాగదీయుట అప్పటి వాడుక. శ్రోత అర్థమును వెదకుకొనవలసి వచ్చెడిది. ఘంటసాల మాట విరువక, భావము చెడక పాడెను. పుష్పవిలాపము రికార్డు విని, పుస్తకము పట్టి యెరుగనివారు సైతము కరుణశ్రీ పద్యములు నోటికి నేర్చిరి.

1970లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. గురుఋణము నాయన మరువలేదు. సీతారామశాస్త్రిగారి కుమారులు సంగీతరావుగారు మద్రాసులో ఆయన చెంత సహాయకులుగా చేరిరి. డబ్బా నిచ్చిన గురువుగారి బిడ్డడు శిష్యుని ప్రక్కన హార్మోనియము ముందు కూర్చుండి, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్ను మూయువరకు ఆయన వెంటనే యుండిరి.