కాలువవంతెన నిర్మాత థామస్ టెల్ఫర్డు

బాటకు నది యడ్డమైనచో వంతెన కట్టుదురు. కాలువకే నది యడ్డమైనచో నేమి చేయవలెను? కాలువనే వంతెనపై కెక్కించి, క్రింద నదియు, మీద పడవలును సాగునట్లు చేసిన శిల్పులలో అగ్రగణ్యుడు థామస్ టెల్ఫర్డు.

ఇతడు స్కాట్లండులోని ఎస్క్‌డేల్ అను కొండలోయలో 1757వ సంవత్సరమున జన్మించెను. తండ్రి గొఱ్ఱెల కాపరి. బిడ్డ పుట్టిన కొలది నెలలకే అతడు మరణించెను. తల్లి జానెట్ కాయకష్టము చేసి, బంధువుల సాయముతో కుమారుని పెంచెను. బాలుడు ఊరిబడిలో చదువుకొని, పిదప ఒక మేస్త్రి కడ రాతిపని నేర్చెను. తండ్రి సమాధికి రాయి చెక్కి నిలిపినవాడును అతడే. తరువాత ఎడింబరోలోను, లండనులోను కూలికి రాళ్లు చెక్కుచు, తీరిక వేళల గ్రంథములు చదివి గృహనిర్మాణ శాస్త్రము నభ్యసించెను. తల్లి సులభముగా చదువుకొనుటకై జాబులను అచ్చక్షరములవలె విడివిడిగా వ్రాసెడివాడు.

1787లో అతనికి ఇంగ్లండులోని ష్రాప్‌షైరున కట్టడములను పరీక్షించు ఉద్యోగము లభించెను. మరుసటి యేట ష్రూస్‌బరీ పట్టణపు పెద్దలు తమ ప్రాచీన దేవాలయపు కప్పు కారుచున్నదని అతనిని పిలిచిరి. గోడలే కూలనున్నవని అతడు హెచ్చరించెను. వారు నమ్మలేదు. కొలది దినములకే గోపురము నేలగూలెను. నాటినుండి అతని మాటకు విలువ హెచ్చెను.

1793లో ఎల్స్‌మియర్ కాలువ సంఘమువారు అతనిని నియమించిరి. ఆ కాలువ వేల్సు దేశమున డీ నది పారు లోతైన లోయను దాటవలెను. ఇరువైపుల లాకులు కట్టి పడవలను దింపి, మరల ఎక్కించుట ఒక మార్గము. కాని దానికి కాలమును, నీరును మిక్కిలి వ్యయమగును. అందుచేత 126 అడుగుల ఎత్తున, 18 రాతికంబములపై, 1007 అడుగుల పొడవుగల పోతయినుప తొట్టిలో నీటిని నడుపుటకు నిశ్చయించిరి. అనుభవజ్ఞుడైన విలియం జెస్సప్ ఈ కార్యమున అతనికి పైయధికారి.

1795లో పునాదిరాయి పడెను. బరువు తగ్గుటకై కంబముల పైభాగమును గుల్లగా కట్టిరి. సున్నములో ఎద్దునెత్తురు కలిపిరి. ఇనుపరేకుల అతుకులలో, కాచిన చక్కెర పాకమున ముంచిన ఉన్నిగుడ్డను కూరిరి. పడవను లాగు గుఱ్ఱములకై తొట్టిలోనే ఒక ప్రక్క, నీటికి పైగా బాట నమర్చిరి. పడవ కదలినపుడు నీరు ఆ బాట క్రిందికి ఒదుగును. అన్నియు ముగిసినను టెల్ఫర్డు తొందరపడలేదు. తొట్టిని నీటితో నింపి ఆరు మాసములు పరీక్షించెను. 1805 నవంబరు 26న పడవలు ఆకాశమార్గమున సాగునట్లు వంతెనను దాటెను. పదేండ్ల పనిలో మరణించినవాడు ఒక్కడే. ఆ కాలమున అది యరుదు.

వంతెన ఉత్తరపు కొనను ట్రెవర్ అను రేవు గలదు. కాలువ అచ్చటినుండి చెస్టరు పట్టణమువరకు పోవలసియుండెను. ధనము చాలక ఆ భాగము త్రవ్వబడలేదు. దారిలోని మజిలీయే తుదిరేవయ్యెను. పడవలు అచ్చట నిలిచి బొగ్గు, ఇనుము, సున్నపురాయి నింపుకొనెడివి. 1944లో చట్టముచే ఆ కాలువపై పడవల రాకపోకలు నిలిచెను. అయినను పట్టణములకు నీరందించుచుండుటచే దానిని పూడ్చలేదు. పిదప విహారనౌకలు వచ్చెను. నేడును యాత్రికులు ట్రెవరులో పడవలు కట్టి వంతెనపై నడచుచుందురు. 2009లో ఈ కట్టడము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

టెల్ఫర్డు మఱి యెన్నో వంతెనలను, బాటలను, కాలువలను నిర్మించి, 1834లో లండనులో మరణించెను. ఆ కాపరి కుమారుని దేహమును, రాజులు నిద్రించు వెస్ట్‌మినిస్టర్ ఆలయమున ఉంచిరి. తన స్వగ్రామ ప్రాంతపు గ్రంథాలయములకు అతడు మరణశాసనమున ధనము వ్రాసి యిచ్చెను.