కాశీయాత్ర రాసిన దుభాషీ ఏనుగుల వీరాస్వామయ్య

పిల్లలూ, సెలవులు రాగానే మనలో చాలామందిమి హాడో రేవుకు చేరతాం. అక్కడి నుంచి పెద్ద ఓడలు మూడు ఊళ్ళకు వెళ్తాయి: చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం. ఏ ఊరికి వెళ్ళినా వెయ్యి కిలోమీటర్లకు పైనే. రెండు మూడు రోజులు చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. విమానం ఎక్కితే ఆ దూరం రెండు గంటల్లో తరిగిపోతుంది.

దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితం ఒక తెలుగాయన ఈ మూడు ఊళ్ళనూ ఒకే ప్రయాణంలో చూశారు. చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ వెళ్ళి, కలకత్తా మీదుగా విశాఖపట్నం దాటి మళ్ళీ చెన్నపట్నం చేరారు. దానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. దారి పొడవునా చూసినదంతా కాగితం మీద పెట్టారు. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన రాసిన పుస్తకం ‘కాశీయాత్ర చరిత్ర’. తెలుగులో యాత్రాచరిత్ర అనగానే అందరూ ముందు తలచుకునేది దాన్నే.

ఈసారి మన పత్రికలో ఆయన గురించే చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మనమందరం బదిలీల మీద బతికేవాళ్ళం. మూడేళ్ళకో నాలుగేళ్ళకో పెట్టెలు సర్దుతాం. పాత బడి, పాత వీధి, బెంచీలో పక్కన కూర్చున్న స్నేహితుడు, అన్నీ ఒక్క వేసవిలో వెనక్కి వెళ్ళిపోతాయి. వాటిని పోగొట్టుకోకుండా ఎలా ఉంచుకోవాలి? వీరాస్వామయ్య గారి జీవితంలో దీనికి ఒక జవాబు దొరుకుతుంది.

ఆయన 1780 ప్రాంతంలో పుట్టారు. చెన్నపట్నం అంటే ఇప్పటి చెన్నై. ఆ రోజుల్లో అక్కడ తెలుగువాళ్ళు చాలా ఎక్కువ. తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. అయినా చదువు ఆగలేదు. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఇంగ్లీషు తడుముకోకుండా చదివేవారు. అంటే మన బడిలో ఏడో తరగతి పిల్లల ఈడు. చిన్న వయసులోనే కొలువులో చేరి, దుభాషీగా తిరునల్వేలి వైపు కూడా పనిచేశారు. ఉద్యోగం కోసం ఊరు విడవడం ఆయనకూ తెలుసు.

దుభాషీ అంటే రెండు భాషల మధ్య నిలబడే మనిషి. వీరాస్వామయ్య గారు మెల్లగా పైకి వచ్చి, చెన్నపట్నం సుప్రీం కోర్టులో ప్రధాన దుభాషీ అయ్యారు. ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. న్యాయమూర్తి ఇంగ్లీషువాడు. సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెబుతాడు. సాక్షి చెప్పినదానికి ఒక్క మాట ఎక్కువ కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. మాట తప్పితే ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరు జైలుకు పోవచ్చు. రోజూ అలా విని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయనకు అలవాటైపోయింది. తర్వాత ప్రయాణంలోనూ ఆయన కలం ఈ అలవాటునే పాటించింది.

1830 మే 18న ఆయన కాశీయాత్రకు బయలుదేరారు. అప్పటికి వయసు యాభై. ఇంటివాళ్ళు, బంధువులు, బోయీలు, పనివాళ్ళు అందరూ కలిసి దాదాపు వందమంది. పల్లకీలు, డేరాలు, వంటసామాను వెంట తీసుకున్నారు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే ఇంకా ఇరవై మూడేళ్ళ తర్వాత. టికెట్టు కొనుక్కుని కూర్చునే వీలు ఎక్కడా లేదు. పొద్దున్నే లేచి నడక, ఎండ ముదిరేలోగా ఒక ఊళ్ళో మజిలీ, మర్నాడు మళ్ళీ నడక.

ఆ ఏడాది మన ఈ దీవులు ఎలా ఉండేవో కూడా చెప్పుకుందాం. 1789లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఒక వలస మొదలుపెట్టి, జబ్బులకు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. మళ్ళీ వచ్చింది 1858లో. వీరాస్వామయ్య గారు నడుస్తున్న కాలంలో ఇక్కడ అబర్డీన్ బజారూ లేదు, సెల్యులర్ జైలూ లేదు. వేల ఏళ్ళుగా ఈ అడవులనూ తీరాలనూ ఎరిగిన ఆదివాసులే ఉన్నారు.

చెన్నపట్నంలో ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై అనే స్నేహితుడు ఉండేవారు. దారిలో చూసిన సంగతులన్నీ ఈ స్నేహితుడికి తెలియాలని వీరాస్వామయ్య గారు దినచర్య రాసి ఎప్పటికప్పుడు పంపుతూ వచ్చారు. ఎవరో తెలియని పదివేలమంది కోసం ఆయన కలం పట్టలేదు, ఒక్క స్నేహితుడి కోసం పట్టారు. అందుకే ఆ రాతలో గొప్పలు కనిపించవు. పండితుల కఠినమైన తెలుగు కూడా చాలావరకు కనిపించదు. ఆ కాలపు చెన్నపట్నం తెలుగువాళ్ళు ఇంట్లో, కచేరీలో మాట్లాడుకునే భాషకు దగ్గరగా ఉంటుంది. వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి గారు ఉద్యమం నడిపింది ఇంకా చాలా దశాబ్దాల తర్వాత.

ఆయన ఏం రాశారు? మొదట దారి. ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత దూరం, దారి రాళ్ళదా, ఇసుకదా, బురదదా. తాగడానికి నీళ్ళు ఉన్నాయా, బావిలోవా, చెరువులోవా. ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, ఏ సరుకు దొరుకుతుంది. వందమంది దిగడానికి చోటు ఉందా. ఏరు దాటడానికి పడవ ఉందా. ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుంది. అప్పట్లో ఒక సీమ రూపాయి ఇంకో సీమలో అదే విలువకు చెల్లేది కాదు. ఆ తర్వాత మనుషులు. వాళ్ళ తిండి, బట్ట, ఇల్లు, మాట.

తిరుపతి, కడప, అహోబిలం దాటి శ్రీశైలం అడవి ఎక్కారు. అక్కడి చెంచుల గురించి రాశారు. యాత్రికుల దగ్గర కందనూరు నవాబు మనుషులు పన్ను వసూలు చేసుకుంటారే కానీ గుడికి గాని, దారికి గాని ఏమీ చేయరని ఆయన గమనించి రాసిపెట్టారు. భక్తితో వెళ్ళినవాడు గుడిని మాత్రమే చూసి రావచ్చు. ఈయన గుడిముందు వసూలయ్యే డబ్బునూ చూశారు.

వానాకాలంలో హైదరాబాదు చేరారు. చార్మినారు, మూసీ నది, హుస్సేన్ సాగరు, ఆ పక్కన ఇంగ్లీషు దండు ఉండే సికింద్రాబాదు, అన్నిటినీ తిరిగి చూశారు. రెండు వందల ఏళ్ళ కిందటి హైదరాబాదు గురించి చరిత్రకారులు రాసేటప్పుడు ఈనాటికీ ఆయన పుటలు తిరగేస్తారు. అక్కడి నుంచి నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ. కాశీ తర్వాత గంగ మీద పడవ ప్రయాణం, కలకత్తా. ఆ తర్వాత తూర్పు తీరం పట్టుకుని పూరీ జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నంలో ఇల్లు చేరారు.

వీరాస్వామయ్య గారికి కెమెరా లేదు. ఉండడానికి వీలే లేదు. ఫోటో తీసే విద్యను పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839లో. ఆయన రాత అచ్చయింది 1838లో. కేవలం ఒక్క ఏడాది ముందు. ఈ రోజు మనం ఫోనుతో చేసే పనిని ఆయన కలంతో చేశారు. అయితే కలం ఫోటోలోకి రానివాటిని కూడా పట్టుకుంది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా అన్నది ఏ ఫోటో చెబుతుంది? బియ్యం ధర ఏ ఫోటోలో కనిపిస్తుంది?

ఈ సంగతి మాకు నష్టపోయాకే తెలిసింది. ఈ దీవులకు వచ్చిన కొత్తలో చిడియా తాపు దగ్గర పొద్దు గుంకడం చూద్దామని వెళ్ళాం. ఇక్కడ సాయంత్రం అయిదున్నర ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు కదా, తొందరలో రాళ్ళ మీదికి దిగాం. చేతిలో ఫోను జారి ఉప్పునీటిలో పడింది. అంతకుముందు పనిచేసిన ఊరి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ మళ్ళీ రాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత పెట్టెలు సర్దుతుంటే ఒక పాత నోటుబుక్కు దొరికింది. అందులో ఆ ఊళ్ళో ఉన్నప్పుడు పాఠాల మధ్య ఊరికే రాసుకున్న నాలుగు ముక్కలు ఉన్నాయి. పాలు పోసే ఆమె ఎన్నింటికి వచ్చేదో, కుళాయి నీళ్ళు ఏ రోజు వచ్చేవో, ఆరో తరగతి పిల్లలు మా యాసను ఎలా అనుకరించి నవ్వేవారో. చదువుతుంటే ఆ ఊరు మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. మనసు కుదుటపడింది. ఫోటోలు పోయినందుకు ఇప్పటికీ బాధే, కానీ ఊరు మాత్రం పోలేదు.

ఫోటోలు తీయవద్దని మనం అనడం లేదు. తీయండి. సముద్రం రంగు గంట గంటకూ మారే చోట ఉన్నాం, తీయకుండా ఎలా ఉంటాం? కాకపోతే తీసే ముందు ఒక నిమిషం ఊరికే చూడండి. తీశాక కింద రెండు వాక్యాలు రాయండి. ఇంకొక్క మాట. తీయకూడని ఫోటోలు కూడా ఉంటాయి. ఆండమాన్ ట్రంక్ రోడ్డు మీద జరావాల అడవి దాటేటప్పుడు ఫోటో తీయడం చట్టప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అడగకుండా ఎదుటి మనిషిని బొమ్మగా మార్చుకోవడం మర్యాద కాదు.

వీరాస్వామయ్య గారు కూడా అన్నిట్లోనూ మనకు నచ్చుతారని చెప్పలేం. కులం, ఆచారం విషయంలో ఆయన తన కాలపు మనిషే. కొన్ని పుటలు చదివితే ఈనాటి మనకు ఇబ్బందిగా ఉంటుంది. దాన్ని దాచనక్కరలేదు. దినచర్య రాసేవాడు ఊరిని చూపిస్తూ చూపిస్తూ తనను కూడా చూపించేస్తాడు. రేపు మన రాతలు చదివేవాళ్ళకు మన తప్పులూ అలాగే కనిపిస్తాయి. అందుకు భయపడి రాయడం మానుకుంటే పోయేది మన ఊళ్ళే.

చివరగా ఒక సంగతి. వీరాస్వామయ్య గారు తన పుస్తకాన్ని చూసుకోలేదు. 1836లో ఆయన కన్నుమూశారు. ఆ కాగితాలను భద్రంగా దాచి, 1838లో చెన్నపట్నంలో అచ్చువేయించింది స్నేహితుడు శ్రీనివాస పిళ్ళై గారే. తర్వాత 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు ఎన్నో వివరాలు చేర్చి మళ్ళీ వెలువరించారు. ఒక మనిషి ఒక స్నేహితుడికి నిజాయితీగా రాసినది, ఆ స్నేహితుడి వల్ల మన దాకా వచ్చింది. ఆ స్నేహమే లేకపోతే 1830 నాటి ఆ దారులు, ఆ బావులు, ఆ సంతలు ఎవరికీ తెలియకుండా పోయేవి.

మీకూ పాత బడిలో అలాంటి స్నేహితుడో స్నేహితురాలో ఉంటారు. కొత్త ఊరు వచ్చిన మొదటి నెలలో వాళ్ళు లేరని రాత్రిళ్ళు ఏడ్చినవాళ్ళు మన తరగతుల్లో ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు. ఆ పేరునే నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. రోజూ సాయంత్రం ఆ ఒక్కరికి చెబుతున్నట్టు పది వాక్యాలు రాయండి. ఇవాళ వాన ఎప్పుడు మొదలైంది, ఫీనిక్స్ బే దగ్గర ఏ పడవ కనిపించింది, బజారులో కొబ్బరిబోండం ఎంత చెప్పారు, అంగడి ఆయన హిందీలో ఏ బెంగాలీ మాట, ఏ తెలుగు మాట కలిసింది. పెద్ద పెద్ద వర్ణనలు వద్దు. చూసింది, విన్నది, అడిగి తెలుసుకున్నది చాలు. రాస్తున్న పది నిమిషాల్లో దిగులు కాస్త పక్కకు జరుగుతుంది. మేము చేసి చూశాం కాబట్టే చెబుతున్నాం.

మళ్ళీ బదిలీ వస్తుంది. హాడో రేవులో ఓడ ఎక్కే రోజు సామానులో ఆ నోటుబుక్కును అడుగున పెట్టకండి, చేతిసంచిలో ఉంచుకోండి. ప్రస్తుతానికి మొదటి పేజీ రాసి, వచ్చే సోమవారం తెలుగు పీరియడుకు తీసుకురండి. మేమూ మా పేజీ తెస్తాం.