కలహములను లెక్కించిన మనుష్యుడు

యుద్ధములు దేనినుండి పుట్టుచున్నవని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయమున అడిగియున్నాడు. ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు వెదకిన ఒకని జీవితమును ఈ నెల చదువరుల ముందుంచుచున్నాము.

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు ఊనువేయించు వ్యాపారి. వారు క్వేకరులు, అనగా యుద్ధములో ఆయుధము పట్టరాదని నమ్ము క్రైస్తవ సమాజస్థులు. రిచర్డ్‌సన్ కేంబ్రిడ్జిలో చదివి, వాతావరణ శాఖలో చేరి, గాలివానల రాకను గణితముచేత ముందుగా తెలిసికొను మార్గము వెదకుచుండెను.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. 1916లో ఆయన ఉద్యోగము మానుకొని, ఫ్రాన్సు వెళ్లి, క్వేకరుల అంబులెన్సు దళములో బండి తోలెను. గాయపడినవారిని చేరవేయుటే ఆయన పని. తీరిక దొరికినప్పుడు లెక్కలు వేసికొనెడివాడు. 1917లో ఆ వ్రాతప్రతి పోయి, కొన్ని నెలలకు బెల్జియములో బొగ్గుకుప్ప క్రింద దొరకెను! అది 1922లో గ్రంథముగా వెలువడెను. నేటి వాతావరణ సూచనలు ఆ మార్గముననే నడచుచున్నవి.

యుద్ధానంతరము మరల పాత కొలువులో చేరెను గాని, 1920లో ఆ శాఖ వైమానిక దళమును చూచు మంత్రిత్వ శాఖ క్రిందికి పోగా, రాజీనామా ఇచ్చి కళాశాలలో బోధకుడాయెను. పిమ్మట స్కాట్లండులోని పైస్లీలో ప్రిన్సిపాలుగా ఉండి, 1940లో ఆ పనియు విడిచి, మిగిలిన కాలమంతయు యుద్ధకారణముల విచారణకే ఇచ్చెను.

ఆయన 1820 మొదలు జరిగిన యుద్ధములను పట్టీ వేసెను. ఒక్కడు చచ్చిన హత్యకు సున్న, వేయిమంది చచ్చిన పోరునకు 3, పదిలక్షలకు 6, కోటికి 7 అని గుర్తు పెట్టెను. హత్యను యుద్ధమును ఒకే పట్టీలో చేర్చుట కొందరికి వింతగా తోచవచ్చును. చచ్చినవారి ఇంటివారికి తోచదని నా తలంపు.

పొరుగువాడు కర్ర తెచ్చెనని మనము గొడ్డలి తెచ్చుకొందుము. అది చూచి వాడు బల్లెము తెచ్చుకొనును. రాజ్యములు ఆయుధములు పెంచుకొను విధము ఇట్టిదేయని ఆయన సమీకరణములతో చూపెను. సరిహద్దులు ఎక్కువగల దేశమునకు యుద్ధములు ఎక్కువని కనుగొనెను. ఒకే భాష మాడుట యుద్ధమును ఆపలేదు. క్రీస్తు నామము ధరించిన దేశములు తమలో తాము పోరాడుటయు ఆ లెక్కలో తక్కువగా కనబడలేదు. విశ్వాసియైయుండియు ఆయన దానిని దాచలేదు.

1953లో ఆయన మరణించెను. ఆ లెక్కలు 1960లో రెండు పుస్తకములుగా అచ్చయినవి.