లక్ష్మీబాయి తిలక్: రెండు దేవుళ్ల మధ్య ఒక వంటిల్లు

డిసెంబర్ వచ్చిందంటే మహారాష్ట్రలోని మరాఠీ చర్చిల్లో తాళాలు, మృదంగాలు బయటికొస్తాయి. అక్కడి క్రైస్తవులు పాడుకునే పాటల్లో చాలావాటికి ఇంగ్లీషు బాణీలతో పని లేదు. అవి అభంగాలు. తుకారాం విఠలుడి కోసం పాడిన పద్ధతిలోనే యేసు కోసం పాడతారు. ఆ పాటలు రాసినవాడు నారాయణ వామన్ తిలక్. తిలక్ అనగానే మనకు లోకమాన్యుడు గుర్తొస్తాడు, సాహిత్యం చదివేవాళ్లకైతే 'అమృతం కురిసిన రాత్రి' కవి కూడా. ఈ తిలక్ మూడో ఆయన. మన దగ్గర పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఎంతటివాడో, మరాఠీకి ఈయన అంతటివాడు.

అయితే ఈ కథ ఆయనది కాదు, ఆయన భార్యది. బడి మొహం చూడకుండా, అరవై దాటాక రాసిన ఒకే ఒక్క ఆత్మకథతో మరాఠీ వచనంలో భర్తకన్నా పెద్ద పేరు తెచ్చుకున్న లక్ష్మీబాయి తిలక్ కథ. ఆమె రాసిన 'స్మృతిచిత్రే'లో పెద్ద సిద్ధాంతాలేవీ లేవు. పొయ్యి, పిల్లలు, అప్పులు, చెప్పకుండా వచ్చే అతిథులు, చెప్పకుండా వెళ్లిపోయే భర్త, చావులు, మధ్యమధ్యలో కడుపుబ్బ నవ్వులు. ఒక మనిషి దేవుణ్ని మార్చుకుంటే ఇంట్లో పండగలు ఏమవుతాయి, నీళ్ల బిందె ఏమవుతుంది అన్నది భారతీయ సాహిత్యంలో ఇంత దగ్గరగా చెప్పిన పుస్తకాలు తక్కువ.

ఆమె 1868లో నాసిక్ దగ్గర జలాల్‌పూర్‌లో, గోఖలేల ఇంట పుట్టింది. అసలు పేరు మనకర్ణిక, ఇంట్లో మనూ. పెళ్లయ్యాక లక్ష్మి అయింది. ఝాన్సీ రాణికీ ఇదే పేరు, ఇదే మార్పు జరగడం కాకతాళీయమే కానీ, 1857 నీడ మాత్రం ఈ ఇంటిమీద నిజంగానే పడింది. ఆమె తల్లి తరఫు తాతను ఆ తిరుగుబాటు రోజుల్లో ఉరితీశారు. ఆ దెబ్బ ఆమె తండ్రిని మరోలా తాకింది. ఆయనకు మడి పిచ్చి పట్టుకుంది. లోకమంతా మైలగానే కనిపించేది. బజారు నుంచి వచ్చిన ప్రతి సరుకూ కడగాల్సిందే, పిల్లలు దేన్ని తాకినా గొడవే. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల తర్వాత కులాన్నే వదిలేసిందంటే ఆ ప్రయాణం ఎంత దూరమో తెలియాలంటే ఈ కడుగుళ్ల సంగతి గుర్తుంచుకోవాలి. విచిత్రం ఏమిటంటే, పెద్దయ్యాక ఆ చాదస్తాన్ని గుర్తుచేసుకుంటూ ఆమె కోపం తెచ్చుకోదు, నవ్విస్తుంది.

పదకొండో ఏట పెళ్లయింది. వరుడు నారాయణ తిలక్, 1861లో రత్నగిరి జిల్లాలో పుట్టినవాడు. కవిత్వం, సంస్కృతం, వక్తృత్వం అన్నీ ఉన్నాయి, నిలకడ ఒక్కటే లేదు. ఒక ఉద్యోగంలో కుదురుగా ఉండడు. చేతిలో డబ్బు నిలవదు, ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తాడు. కోపం ముక్కుమీద ఉంటుంది, అంతలోనే కరిగిపోతుంది. మనసు పుడితే ఇంట్లో మాట చెప్పకుండా ఊరు విడిచి పోతాడు. మామగారు చూస్తే కర్కశుడు. ఆ అత్తింటి ఏళ్లలో ఆమె తిన్న మాటలకు లెక్కలేదు. పుట్టిన బిడ్డల్లో కొందరు పసితనంలోనే పోయారు. నిలిచినవాడు దేవదత్త, అందరికీ దత్తూ, 1891లో పుట్టాడు. ఈ కష్టాలన్నిటి మధ్యా ఆ భర్తే ఆమెకు అక్షరాలు నేర్పాడు. తర్వాత ఆమె చేతికి వచ్చిన ఏకైక ఆస్తి అదే.

తిలక్ మనసులో అప్పటికే మతం గురించిన వెతుకులాట మొదలైంది. నాగ్‌పూర్‌లో ఒక ధనవంతుడి దగ్గర సంస్కృత గ్రంథాల పని చేశాడు, 'ఋషి' అనే పత్రిక నడిపాడు. కులభేదాలు లేని మతం ఒకటి ఉంటే తప్ప ఈ దేశం బాగుపడదని ఆయన నమ్మకం. 1893లో రాజ్‌నంద్‌గావ్‌కు రైల్లో వెళుతుంటే పెట్టెలో ఒక ఐరోపా వ్యక్తి పరిచయమయ్యాడు. మాటల మధ్యలో కొత్త నిబంధన పుస్తకం చేతిలో పెట్టి, రెండేళ్లలో నువ్వు క్రైస్తవుడివి అవుతావని చెప్పి దిగిపోయాడు. ఆ మనిషి ఎవరో తర్వాత కూడా తెలియలేదు. లెక్క మాత్రం తప్పలేదు. 1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో అమెరికన్ మరాఠీ మిషన్ వాళ్ల దగ్గర తిలక్ బాప్తిస్మం తీసుకున్నాడు.

భార్యకు ముందుగా చెప్పలేదు.

అప్పుడామెకు ఇరవై ఆరేళ్లు, చంకలో నాలుగేళ్ల పిల్లాడు. ఆ రోజుల్లో చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో ఒకడు క్రైస్తవుడయ్యాడంటే చచ్చిపోయినట్టే లెక్క. భర్త బతికే ఉన్నాడు కాబట్టి ఆమె విధవ కాదు. కానీ సంక్రాంతి పేరంటానికో, చైత్రమాసపు పసుపు కుంకుమకో పిలవాల్సివస్తే ఆమెను ఏ వరసలో కూర్చోబెట్టాలో ఆ సమాజానికి తెలియదు. పండగ అనేది మనుషుల్ని కలుపుతుందని మనం అనుకుంటాం. ఎవరు లోపల, ఎవరు గడప బయట అన్నది తేల్చేదీ పండగే. ఆమె దుఃఖం చూసి ఎక్కడ ప్రాణం తీసుకుంటుందోనని బంధువులు కాపలా కాశారు. కొంతకాలం నాసిక్‌లో, కొంతకాలం పండరిపురంలో అక్క ఇంట్లో గడిపింది. ఆ దుఃఖంలోనే ఆమెకు మొదటిసారి పద్యం వచ్చింది. చదువు అంతంతమాత్రమైనా లయ లోపల ఉంది. పండరిపురం లాంటి చోట చెవిన పడేదంతా అభంగాలే కదా.

దాదాపు ఐదేళ్ల ఎడబాటు. తిలక్ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. రమ్మన్నాడు గానీ, మతం మారమని బలవంతపెట్టలేదు. ఈ విషయం ఇవాళ్టి వాదనల్లో ఉన్నవాళ్లు గమనించాల్సినది. మతమార్పిడి అంటే వెంటనే ఒక కుట్రనో ఒక విముక్తినో చూసే రెండు పక్షాలకూ ఈ జంట కథ ఇబ్బందిగానే ఉంటుంది. చివరికి ఆమె కొడుకుని తీసుకుని భర్త దగ్గరికి వెళ్లింది, తన షరతులమీద. తన వంట తనది, తన నీళ్లు తనవి. అహ్మద్‌నగర్‌లో క్రైస్తవుల మధ్య కాపురం ఉంటూ మడి కట్టుకుని వంట చేసుకున్న బ్రాహ్మణ ఇల్లాలు ఆమె. భర్త ఆ ఏర్పాటుకు ఒప్పుకున్నాడు.

మార్పు ప్రసంగాల వల్ల రాలేదు. రాహురిలో ఉండగా ఒకరోజు ఒంటరిగా కూర్చుని తనలో తానే తర్కించుకుంది. మనుషుల్ని చేసినవాడు కులాలు కూడా చేశాడా, చేస్తే జంతువులకు ఉన్నట్టు మనుషుల ఒంటిమీద ఆ తేడా ఎందుకు కనిపించదు అని. సమాధానం దొరికిన రోజునే ఎవరి చేతినుంచైనా తినాలని, తాగాలని తీర్మానించుకుంది. యేసు మీద నమ్మకం తర్వాత వచ్చింది, ముందు పోయింది అంటు. 1900లో ఆమె కూడా బాప్తిస్మం తీసుకుంది. పుట్టింటి బావి దగ్గర మొదలైన కడుగుళ్లు అక్కడితో ఆగాయి.

ఆ తర్వాతి పదిహేనేళ్లు ఆమె జీవితంలో సందడి కాలం. డబ్బు అప్పుడూ లేదు. కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు, చదువుకోడానికి వచ్చినవాళ్లు, దారినపోయే కవులు, మతం మారి ఇంటినుంచి గెంటివేతకు గురైనవాళ్లు, అందరికీ ఆ ఇల్లే సత్రం. తెచ్చేది తిలక్, వండిపెట్టేది లక్ష్మీబాయి. ఉదారుడైన భర్త కీర్తి వెనక ఎప్పుడూ ఒక ఆడమనిషి లెక్కపెట్టుకునే బియ్యం గింజలుంటాయి. అహ్మద్‌నగర్‌లో ప్లేగు విజృంభించినప్పుడు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతుంటే, ఆమె రోగుల పక్కన నిలబడింది. అంటు అనే మాటకు చిన్నప్పుడు ఒక అర్థం, ఇప్పుడు ఇంకో అర్థం. రెండోదానికి ఆమె భయపడలేదు.

ఆ ఇంటికి వచ్చినవాళ్లలో ఒక కుర్రాడి గురించి చెప్పాలి. త్ర్యంబక్ బాపూజీ ఠోంబరే. 1907లో జల్‌గావ్‌లో జరిగిన కవి సమ్మేళనంలో పదిహేడేళ్ల వయసులో కవిత్వం వినిపించి బాలకవి అని బిరుదు పొందినవాడు. తిలక్ అతణ్ని వెంటపెట్టుకుని అహ్మద్‌నగర్ తీసుకొచ్చాడు. పచ్చిక, వాగు, శ్రావణమాసపు ఎండావాన తప్ప వేరే లోకం తెలియని ఆ అబ్బాయిని లక్ష్మీబాయి కొడుకులా చూసుకుంది. అలిగితే బతిమాలింది. అతను క్రైస్తవుడు కాలేదు, కమ్మని ఎవరూ అడగలేదు. 1918 మే 5న జల్‌గావ్ జిల్లా భాదలీ స్టేషన్ దగ్గర రైలు కిందపడి అతను చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఇవాళ మరాఠీ బడిపిల్లలందరికీ బాలకవి తెలుసు. అతనికి అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదో తెలిసింది 'స్మృతిచిత్రే' వచ్చాకే.

సరిగ్గా ఏడాది తిరిగింది. 1919 మే 9న బొంబాయిలో తిలక్ పోయాడు. అంతకు రెండేళ్ల ముందే ఆయన మిషన్ జీతం వదిలేసి, సన్యాసిలా బతకాలని నిర్ణయించుకుని, సతారాలో దేవుడి దర్బారు పేరుతో ఒక చిన్న బృందాన్ని కూడగట్టాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లూ తీసుకోనివాళ్లూ యేసు భక్తులుగా కలిసి కూర్చునే చోటు అది. తుకారాం అనే వంతెన మీదుగానే తాను యేసు దగ్గరికి నడిచానని ఆయన అనుకునేవాడు. ఆదర్శం గొప్పదే. జీతం ఆగిన ఇంట్లో మాత్రం ఆదర్శంతో పాటు ఉప్పు, పప్పు కూడా కావాలి. ఆయన పోయేనాటికి ఆమెకు మిగిలింది కొన్ని కాగితాలు. వాటిలో 'ఖ్రిస్తాయన్' ఉంది. రామాయణం తరహాలో యేసు జీవితాన్ని మహాకావ్యంగా రాయాలని మొదలుపెట్టి, పది సర్గల దగ్గర ఆపేసిన రచన.

ముంబైలో బాలికల హాస్టల్లో మేట్రన్‌గా చేరింది. పొట్టకూటికి అది తప్పలేదు. తర్వాత డబ్బు ఇబ్బందులతోనే కొడుకు కుటుంబంతో కరాచీ వెళ్లింది. అప్పటికి అది బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం, మరాఠీ కుటుంబాలు చాలానే ఉండేవి. జలాల్‌పూర్‌లో గడప దాటడానికి భయపడిన పిల్ల ఇప్పుడు సింధు తీరంలో మనవలతో ఆడుకునే నాయనమ్మ. ఈ ఏళ్లలోనే ఆమె భర్త ఆపిన చోటినుంచి 'ఖ్రిస్తాయన్' అందుకుంది. ఒకటీ రెండూ కాదు, అరవై నాలుగు సర్గలు రాసి పూర్తిచేసింది. మన గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతకు ముందే మరాఠీలో ఇదే కథను ఒక విధవరాలు ఇంటిపనుల మధ్య కావ్యంగా ముగించింది. ఆ పుస్తకం అట్టమీద పెద్ద పేరు భర్తదే అయినా రాత ఎక్కువ ఆమెది.

ఆత్మకథ అనుకోకుండా పుట్టింది. దేవదత్త తండ్రి జీవితచరిత్ర రాయాలనుకుని, జ్ఞాపకమున్నవి రాసిమ్మని తల్లిని అడిగాడు. ఆమె రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ తండ్రి కథ తల్లి కథ అయింది. 1934లో మొదటి భాగం వచ్చింది. పండితుల మరాఠీ ఆమెకు రాదు, అదే మంచిదైంది. వాకిట్లో కూర్చుని పక్కింటామెతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది ఆ భాష. తనను వదిలి మతం మారిన భర్తను ఆమె దేవుణ్ని చేయదు, దోషినీ చేయదు. ఆయన మతిమరుపు, దుబారా, కోపం అన్నీ చెబుతుంది, ఆయనంటే ఉన్న ప్రేమ దాచుకోదు. తన మొండితనాన్ని, తెలివితక్కువ పనుల్ని ఇంకా ఎక్కువ చెబుతుంది. ఏడ్చినవాళ్లంతా చివరికి తిన్నారా లేదా అన్నది కూడా రాస్తుంది. మతమార్పిడి కథల్లో మామూలుగా కనిపించే వెలుగు చీకట్ల వర్ణన ఇందులో లేదు. వదిలేసిన మతం మీద ద్వేషం లేదు, విడిచిన బంధువుల మీద కక్ష లేదు. తనకు అన్నం పెట్టిన ప్రతి మనిషినీ, హిందువైనా క్రైస్తవుడైనా, పేరుపేరునా గుర్తుపెట్టుకుంది. ఆమె కృతజ్ఞత ప్రార్థనల్లో కన్నా ఈ జాబితాల్లోనే ఎక్కువ కనబడుతుంది.

పుస్తకం తర్వాత తన దారిన తాను నడిచింది. జోసెఫిన్ ఇంక్‌స్టర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1950లో వచ్చింది. 2017లో శాంతా గోఖలే మళ్లీ మొత్తంగా అనువదించారు. విజయా మెహతా దాన్ని తెరకెక్కించినప్పుడు సుహాస్ జోషి లక్ష్మీబాయి అయ్యారు.

1936 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూసింది. అప్పటికి 'స్మృతిచిత్రే' నాలుగో భాగం పూర్తికాలేదు. భర్త సగంలో వదిలిన కావ్యాన్ని ఆమె ముగించింది, ఆమె సగంలో వదిలిన కథను దత్తూ ముగించాడు. 1937లో అది అచ్చయింది.