మదనపల్లె వైద్యసేవకులు డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ గారు

ధ్యానభాగము: ఫిలిప్పీయులకు 2:25–30

పౌలు భక్తుడు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పత్రికలో ఎపఫ్రొదితు అను సహోదరుని సంగతి యున్నది. అతడు ప్రభువు పనిలో జబ్బుపడి మరణద్వారము దాక వెళ్లి, దేవుని కనికరమువలన మరల లేచెను. ఆ భాగము చదివినప్పుడెల్ల మన ప్రాంతపువారికి జ్ఞప్తికి రావలసిన పేరొకటి కలదు.

చేంబర్లేన్ గారు 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని షారన్ అను ఊరిలో పుట్టిరి. వేదాంతవిద్యయు వైద్యవిద్యయు నేర్చుకొని, వివాహమైన పిమ్మట భార్యతో ఓడనెక్కి 1860లో మద్రాసు చేరిరి. స్కడ్డర్ సహోదరులు స్థాపించిన ఆర్కాటు మిషనులో తెలుగువారి మధ్య పని ఆయనకు అప్పగింపబడెను. మొదట పలమనేరులో నుండి, 1863లో మదనపల్లెకు వచ్చిరి. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911 వరకు ఏర్పడనే లేదు.

ఆ 1863లోనే ఆయన నలుగురు దేశీయ బోధకులతో కూడ నైజాము రాజ్యము మీదుగా గోదావరి అడవుల వరకు సువార్త యాత్ర చేసిరి. రమారమి 1,200 మైళ్లు! బండ్లలో పుస్తకములును మందులును వేసికొని, అంతవరకు సువార్త వినని ఊళ్లు వెదకుకొనుచు పోయిరి.

ప్రాకారముగల యొక పట్టణములో జనులు రాళ్లు చేతబట్టుకొని వారిని చుట్టుముట్టిరి. దొరగారు పారిపోలేదు, వాదింపనులేదు. ఒక కథ చెప్పనిమ్మనియు, విన్న తరువాత రాళ్లు రువ్వుకొనవచ్చుననియు అడిగిరి. మన దేశములో కథ యనగా వద్దనువారెవరు? యేసు జననము మొదలుకొని సిలువ వరకు చెప్పిరి. వినుచుండగానే కొందరి కన్నులు చెమర్చెను. రాళ్లు కాలువలో పడవేసి, పుస్తకములు కొనుక్కొని పోయిరి.

తిరుగుదారిలో గోదావరి వరద వచ్చిపడెను. ముందు ఏరు దాటనియ్యదు, చుట్టును పులులున్న అడవి, ప్రొద్దు గ్రుంకుచున్నది. మోతగాండ్రు బెదరిరి. దొరగారు ఒంటరిగా ప్రార్థింపగా, ఎడమకు తిరిగి గోదావరి ఒడ్డునకు పొమ్మని ఆయన మనస్సునకు తోచెను. దారి ఎరిగినవారు అక్కడ ఏమియు లేదనిరి. ఆయన మరల ప్రార్థించి అటే నడిపించిరి. అక్కడ పెద్ద బల్లకట్టు ఒకటి నిలిచియుండెను! ఎగువ రేవున కట్లు తెగి వరదలో కొట్టుకొనివచ్చినది, సరిగా ఆ చోటనే ఒడ్డుకు చేరినది. అందరును దాని మీది కెక్కిరి. ఆ రాత్రి పులులు గట్టుదాక వచ్చెను.

ఆ నలుగురు బోధకులును అదే వానలో తడిసిరి, అదే ఆకలి పడిరి. దొరగారి పేరు పుస్తకములకెక్కెను గాని, వారి పేర్లు తెలిసినవారు మన సంఘములలో అరుదు.

పులుల నుండి తప్పించుకొనిరి గాని, అడవిజ్వరమునుండి తప్పించుకొనలేదు. అది ఆయనను జీవితమంతయు పీడించెను. పలుమారులు స్వదేశమునకు పోవలసివచ్చెను. పోయినప్పుడెల్ల మరల వచ్చిరి.

మదనపల్లె వైద్యశాలలో ప్రతి ఉదయమున ముందుగా వాక్యము, పిమ్మట మందు. రోగికిచ్చు చీటి వెనుక సువార్త సారాంశము తెలుగులో అచ్చువేయబడియుండెను. రోగి దానిని తన ఊరికి తీసికొనిపోవును. బోధకుడు పోలేని ఇంటికి అది పోవును.

పులుల కథను పిల్లలు మరల మరల అడుగుదురు. అయితే నాకు మాత్రము, జ్వరపీడిత దేహముతో కూర్చుండి చేసిన పనియే అంతకంటె గొప్పదని తోచుచున్నది. 1873 మొదలు 1894 వరకు తెలుగు బైబిలును సవరించు కమిటీకి ఆయన అధ్యక్షులు. అందు వేర్వేరు మిషనులవారుండిరి. మూలభాషకు నమ్మకముగాను, పల్లెవానికి అర్థమగునట్లును ఒక్కొక్క మాటను ఎంచుట ఇరువది యేండ్ల ఓర్పును కోరెను. ఆరాధనకొరకు కీర్తనల పుస్తకమును కూర్చిరి. దేశీయ కాపరులే సంఘములను నడపవలెనని, అమెరికాలో తిరిగి చందాలు కూర్చగా, 1888లో పలమనేరులో వేదాంత పాఠశాల తెరవబడెను.

దక్షిణ భారతమున రిఫార్మ్డ్ సంఘమువారును స్కాట్లాండువారి సంఘములును ఏకమైనప్పుడు, ఆ మహాసభకు మొదటి అధ్యక్షుడుగా వారు ఎన్నుకొన్నది ఈ వృద్ధుని. 1908 మార్చి 2న మదనపల్లెలోనే ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆయన ప్రారంభించిన తెలుగు బైబిలు నిఘంటువు పని అప్పటికింకను ముగియలేదు.